తిరుగలి రాయియు, తాళము పడిన ఖాతాయు

ధ్యానమునకు వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24:6, 10-13, నెహెమ్యా 5:1-13, ఫిలేమోను 18, 19.



2025వ సంవత్సరము జూన్ మాసములో, మృగశిర కార్తె నడుచుచుండగా, మన ఇచ్చోడ చుట్టుపట్ల నల్లరేగడి చేలు వానకు తడిసిన దినములలో, మన సంఘములోని ఒక పెద్ద సహోదరుడు పత్తి గింజలు కొనుటకై పైకము తీసికొనుటకు బ్యాంకునకు వెళ్లెను. ఆయనకు నాలుగెకరముల చేను కలదు. పోయిన పంట పత్తి అమ్మగా మిగిలినదియు, కొంత కూలి డబ్బును, ప్రభుత్వము పెట్టుబడికని వేసిన సాయమును కలిసి ఆయన ఖాతాలో 62,000 రూపాయలుండెను. వరుసలో నిలువబడి, చీటి వ్రాయించుకొని, కిటికీయొద్దకు పోగా, అక్కడి గుమస్తా ఆయన పుస్తకమును తిరిగి ఇచ్చివేసి, కోర్టు ఉత్తర్వు వచ్చినది గనుక ఖాతాకు తాళము పడినదని చెప్పెను.

ఆ సాయంకాలము ఆయన మా ఇంటి అరుగుమీద కూర్చుండి, తలపాగ విప్పి ఒడిలో పెట్టుకొని, ఇట్లనెను: "అయ్యగారూ, నేనెవ్వని సొమ్ము దొంగిలిన? నా రెక్కల కష్టం నాకియ్యనీకి కోర్టెందుకు అడ్డమొచ్చె? వాన ఆగుతదా నా కోసం?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆ తాళము ఎక్కడనుండి వచ్చియుండునో మాకు తోచెను. తోచుటచేతనే నోరు రాలేదు. ఆ సంగతి మొదట మీ యెదుట ఒప్పుకొని, తరువాతనే వాక్యము చెప్పుట న్యాయము.

2021లో మన సంఘపు యౌవనుడొకడు సామానులు తోలు ట్రాలీ ఆటో కొనుటకు ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసికొనగోరెను. వారు జామీను అడిగిరి. ఎవరును ముందుకు రాలేదు. ఒక ఆదివారము ఆరాధన ముగిసినపిమ్మట మేమే ఈ పెద్ద సహోదరుని ప్రక్కకు పిలిచి, "ఒక్క సంతకమే గదా అన్నా, మన పిల్లవాడు, చేయుము" అంటిమి. అయ్యగారి మాటయని ఆయన మారు పలుకక సంతకము పెట్టెను. ఆ కాగితములో ఏమున్నదో ఆయన చదువలేదు. చదువ వచ్చిన మేమును చదువలేదు.

ట్రాలీ బేరము సాగలేదు. యౌవనుడు బండి అమ్ముకొని హైదరాబాదుకు కూలికి పోయెను. కంతులు ఆగెను. కంపెనీవారు దావా వేసిరి. పెద్ద సహోదరుని పేరిట రిజిస్టరు కవర్లు రెండు వచ్చెను. 2024 జూలై, ఆగస్టు మాసములలో ప్రభుత్వము మూడు విడతలుగా 2 లక్షల రూపాయలవరకు పంట అప్పులు మాఫీ చేసినది మనకందరికిని తెలియును గదా. ఈ కవర్లు ఆ మాఫీ అయిన అప్పును గూర్చినవే అనుకొని ఆయన వాటిని ట్రంకుపెట్టెలో బట్టల క్రింద దాచెను. మాఫీ అయినది బ్యాంకులలోను సహకార సంఘములలోను తీసికొన్న పంట అప్పు; ఫైనాన్సు కంపెనీ బండి అప్పునకు దానితో సంబంధము లేదు. ఈ సంగతి ఆయనకు చెప్పినవాడు లేడు. ఆయన కోర్టునకు పోలేదు గనుక ఏకపక్షముగా డిక్రీ అయెను. ఆ డిక్రీ చేతపట్టుకొని వారు ఖాతాను జప్తు చేయించిరి.

ఖాతా జప్తు అనగా ఏమి? దీనిని తేటగా తెలిసికొనుట అవసరము. ఏలయనగా తెలియని భయము తెలిసిన అప్పుకంటె బరువైనది.

మనము బ్యాంకులో డబ్బు వేసినప్పుడు ఆ నోట్లు మన పేరు వ్రాసిన సంచిలో మూటగట్టి ఉంచబడవు. చట్టము దృష్టిలో బ్యాంకు మనకు ఆ మొత్తము బాకీపడియున్నది. మనము అప్పిచ్చినవారము, బ్యాంకు మనకు అప్పున్నది. ఇప్పుడు మనము మరియొకనికి బాకీపడి, వాడు కోర్టులో గెలిచినయెడల, "ఈయన నాకు ఇయ్యవలెను, బ్యాంకు ఈయనకు ఇయ్యవలెను, కాబట్టి బ్యాంకు నాకే ఇయ్యనిండు" అని వాడు కోర్టును అడుగవచ్చును. అట్లు నడుమ చిక్కిన మూడవవానిని కోర్టులవారు గార్నిషీ అందురు. హెచ్చరింపబడినవాడు అని ఆ మాటకు మొదటి అర్థము. ఆ డబ్బును ఖాతాదారునికి ఇయ్యవద్దని కోర్టు బ్యాంకును హెచ్చరించును. 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడులో 21వ ఆర్డరు దీనిని గూర్చి చెప్పుచున్నది. గార్నిషీకి నోటీసు ఇచ్చి డబ్బును కోర్టులో కట్టించు పద్ధతిని 1976లో చేసిన సవరణ దానిలో చేర్చెను. కాబట్టి ఆ దినము కిటికీయొద్ద పుస్తకము తిరిగి ఇచ్చిన గుమస్తా మన శత్రువు కాడు. అతడు హెచ్చరింపబడినవాడు, ఉత్తర్వు మీరినయెడల బ్యాంకే తన చేతిడబ్బు కట్టవలసివచ్చును.

ఇప్పుడు వాక్యమునొద్దకు వత్తము.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము 6వ వచనములో దేవుడు మోషేద్వారా ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చెను. అప్పునకు తాకట్టుగా తిరుగలినైనను, దాని మీది రాతినైనను పట్టుకొనకూడదు. అట్లు పట్టువాడు మనుష్యుని ప్రాణమునే తాకట్టు పట్టుచున్నాడని దాని భావము. మన తల్లులకు ఈ వచనమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. తెల్లవారుజామున ఇసుర్రాయి తిరిగిన చప్పుడు వినబడిన ఇంట జొన్నరొట్టె కలదు. రెండు రాళ్లలో మీది రాయి ఒక్కటి ఎత్తుకొనిపోయినను చాలును. క్రింది రాయి ఇంటనే యుండును, జొన్నలు గంపలోనే యుండును, గాని పిల్లలు పస్తుందురు. అప్పిచ్చినవానికి ఆ రాతివలన వచ్చునది కొద్ది. తీసికొనబడిన ఇంటికి పోవునది సమస్తము.

అదే అధ్యాయము 10, 11 వచనములలో మరియొక ఆజ్ఞ కలదు. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకొనుటకు బాకీదారుని ఇంటిలోనికి చొరబడరాదు. బయట నిలువవలెను. ఏ వస్తువు ఇయ్యవలెనో బాకీదారుడే లోపలినుండి తెచ్చియియ్యవలెను. ఆ గడప అంత పరిశుద్ధమైనదా? ఔను. బీదవాడు అప్పుపడియున్నను ఇంటి యజమానుడే. తన పిల్లల యెదుట అతని ముఖము నిలువవలెను. అప్పు అడుగుటకు దేవుడు అడ్డు చెప్పలేదు. అడుగువాని పాదములు ఎక్కడ ఆగవలెనో చెప్పెను.

మన తాతల కాలమున జప్తు అనగా ఊరంతటికి తెలియునది. అమీను వచ్చును, పటేలు వచ్చును, గిన్నెలు వాకిటిలోనికి వచ్చును. సిగ్గుగా నుండెడిది; అయినను వచ్చువాడు కనబడెడివాడు, గడపయొద్ద ఒక మాట చెప్పుకొనుటకు వీలుండెడిది. నేటి జప్తునకు చప్పుడు లేదు, ముఖము లేదు. ఖాతాకు గడప లేదు. మన సహోదరుడు చేనులో దుక్కి దున్నుచుండగానే అక్కడ తాళము పడెను. కాబట్టి నేటి విశ్వాసికి ఒక పని కలదు: గడప లేనిచోట గడప ఎక్కడనున్నదో వెదకవలెను. అది చట్టములో కొంత కలదు. సంఘములో కొంత ఉండవలెను.

చట్టములోనిది మొదట చూతము. ఆ సివిల్ ప్రొసీజర్ కోడులోనే 60వ సెక్షను కలదు. డిక్రీ ఉన్నను జప్తు చేయరానివి ఏవో అది వరుసగా చెప్పుచున్నది: బాకీదారునికిని, అతని భార్యకును, పిల్లలకును అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచములు, పరుపులు, మతాచారమునుబట్టి స్త్రీ తన ఒంటినుండి తీయరాని నగలు, పనివాని పనిముట్లు, రైతు బ్రతుకుటకు అవసరమైన వ్యవసాయపు పనిముట్లు, పశువులు, విత్తనపు ధాన్యము, రైతు కాపురముండు ఇల్లు, కూలివారి కూలి. ఆ ఇంటినే ఎవరికైన తాకట్టు వ్రాసి ఇచ్చినయెడల వానికి ఈ కాపు అడ్డురాదు. జీతగానికి జీతములో మొదటి 1,000 రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును తాకరాదు. 16,000 జీతమైతే మొదటి వెయ్యి పోగా మిగిలిన 15,000లో 5,000 మాత్రమే పట్టవచ్చును. భార్యాబిడ్డల మనోవర్తికైన డిక్రీలలో మాత్రము లెక్క వేరు. అక్కడ కాపు తక్కువ, ఏలయనగా అడుగువారే ఆ ఇంటివారు.

ప్రభుత్వోద్యోగి పించనుకును గ్రాట్యుటీకిని ఇట్టి కాపు కలదు. పించను బ్యాంకు ఖాతాలో పడినపిమ్మట అది వట్టి డబ్బేగదా అని కొందరు వాదించిరి. రాధేశ్యామ్ గుప్తా వర్సెస్ పంజాబ్ నేషనల్ బ్యాంకు అను వ్యాజ్యెములో 2008లో సుప్రీంకోర్టు, ఉద్యోగవిరమణ డబ్బు చేతికి వచ్చినంతమాత్రమున దాని స్వభావము మారదని తీర్పు చెప్పెను. అప్పు తీర్చలేనివానిని చెరసాలలో వేయు విషయములోను, జాలీ జార్జి వర్గీసు వర్సెస్ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ అను వ్యాజ్యెములో 1980లోనే, పేదరికముచేత తీర్చలేకపోవుట నేరము కాదనియు, ఇయ్యగలిగియు దురుద్దేశముతో ఎగవేయుటయే శిక్షకు తగినదనియు అదే కోర్టు చెప్పెను. ఈ న్యాయమూర్తులు ద్వితీయోపదేశకాండము తెరచిపెట్టుకొని తీర్పు వ్రాసిరని మేము చెప్పము. అయినను తిరుగలి రాయి ఏదో వారును ఎరిగిరి.

అయితే ప్రియులారా, ఈ కాపు దానంతట అది నడచిరాదు. బ్యాంకు యంత్రమునకు కూలి డబ్బేదో, పత్తి డబ్బేదో తెలియదు. అన్నిటిని కలిపి పట్టును. "ఇది కూలి, ఇది పించను" అని కాగితములు చూపి కోర్టులో మనమే మనవి చేసికొనవలెను. బాకీదారుడే లోపలినుండి వచ్చి గడపయొద్ద మాటలాడవలెనని వాక్యము చెప్పినట్లే గదా ఇది!

కాబట్టి ఖాతాకు తాళము పడినయెడల చేయవలసినవి వరుసగా చెప్పుచున్నాము. స్త్రీల సమాజములోను, వీధి కూటములలోను చదివి వినిపింపుడి.

మొదటిది, ఎవరి ఉత్తర్వో అడుగుడి. తాళములన్నియు ఒక్కటి కావు. కోర్టు జప్తు ఒకటి. మనము ఆ బ్యాంకుకే బాకీయుండగా, బ్యాంకు తన బాకీకి మన డబ్బును జమకట్టుకొనుట రెండవది. పన్నుల శాఖవారి నోటీసు మూడవది. పోలీసులు ఆపించుట నాల్గవది. ఈ నాల్గవది నేడు యౌవనులకు వచ్చుచున్నది: కొద్ది డబ్బుకు ఆశపడి తమ ఖాతాను పరులకు వాడుకొననిచ్చుటయు, ఎవరో మోసముచేసి తెచ్చిన సొమ్ము అందులో పడుటయు, ఖాతా ఆగిపోవుటయు జరుగుచున్నది. మీ ఖాతాను ఎవనికిని అద్దెకియ్యకుడి. మీరే సైబరు మోసమునకు గురియైనయెడల తడవు చేయక 1930 నంబరుకు ఫోను చేయుడి. ఏ తాళమైనను, ఉత్తర్వు ఎవరిచ్చిరి, కేసు నంబరు ఏది, తేదీ ఏది, మొత్తమెంత అని బ్యాంకును వ్రాతమూలముగా అడిగి, జవాబు వ్రాతలోనే తీసికొనుడి.

రెండవది, కోర్టు కవరు వచ్చిన దినముననే చదివించుడి. పెట్టెలో దాచిన కవరు పెట్టెలోనే పెరుగును. సమను సరిగా అందకయే ఏకపక్ష డిక్రీ అయినయెడల, డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి 30 దినములలోగా దానిని తీసివేయుమని కోర్టును అడుగవచ్చును. మన సహోదరునికి కవర్లు అందినవి గనుక ఆ ద్వారము ఆయనకు తెరువబడలేదు.

మూడవది, ధర్మముగా దొరకు వకీలును అడుగుడి. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టమునుబట్టి స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలు నిత్తురు. తక్కిన బీదలకు ఆదాయ పరిమితినిబట్టి ఇత్తురు. 15100 అను నంబరుకు ఫోను చేసినను దారి చెప్పుదురు. ఇది భిక్షము కాదు, సిగ్గుపడకుడి.

నాల్గవది, లోక్ అదాలతును జ్ఞాపకముంచుకొనుడి. అక్కడ ఇరుపక్షములవారు కూర్చుండి ఒప్పుకొన్నది సివిలు కోర్టు డిక్రీతో సమానము. కోర్టు ఫీజు లేదు. దానిమీద అప్పీలు లేదు. అప్పీలు లేదు గనుకనే, కట్టలేని కంతులకు ఒప్పుకొనకుడి.

అయిదవది, డబ్బు దాచకుడి. ఖాతా జప్తు అగునని తెలిసి బావమరది ఖాతాలోనికి మార్చుట, చేను కొడుకు పేరిట వ్రాయుట, ఇవి తెలివిగా కనబడును. మేము ఆ సహోదరునితో ఇంటికి వచ్చుచుండగా, "పంట పైసలు ఇగ నా పేరు మీద ఏయించుకోను అయ్యగారూ" అని ఆయన అనెను. తీసికొనిన అప్పును తీర్చక మానుట భక్తిహీనుని గుర్తని 37వ కీర్తన 21వ వచనము చెప్పుచున్నది. పౌలు రోమీయులకు వ్రాయుచు (13:7, 8) ఎవనికి ఏది చెల్లింపవలెనో దానిని చెల్లించి, ప్రేమ తప్ప మరి ఏ బాకీయు మిగులనియ్యవద్దని బోధించెను. అప్పిచ్చినవాడు గడప దాటకూడదన్న దేవుడే, బాకీదారుడు వెనుక తలుపునుండి పారిపోకూడదనియు కోరుచున్నాడు.

ఈ రెండును కలిసియున్నచోటు 2 రాజులు 4వ అధ్యాయము. ప్రవక్తల శిష్యులలో ఒకడు అప్పుతో చనిపోగా, అప్పిచ్చినవాడు అతని కుమారులిద్దరిని దాసులుగా పట్టుకొనవచ్చెను. విధవరాలు ఎలీషాకు మొరపెట్టెను. నూనె పెరిగినపిమ్మట ఎలీషా ఆమెకు చెప్పిన మాటల వరుస చూడుడి: నూనె అమ్ముము, అప్పు తీర్చుము, మిగిలినదానితో నీవును నీ కుమారులును బ్రదుకుడి అని భావము. దేవుని ఆశ్చర్యకార్యము అప్పును ఎగవేయించలేదు, తీర్పించెను. అయితే తీర్చినపిమ్మట ఇంట బ్రదుకు మిగిలియుండునట్లు చూచెను. అప్పు తీరవలెను, ఇల్లు నిలువవలెను. ఈ రెంటిలో ఒక్కటే అడుగువాడు సగము వాక్యమే చదివినవాడు.

ఇక సంఘములోని గడపను గూర్చి. యెరూషలేము గోడ కట్టబడుచుండగా బీదలు మొరపెట్టిరి. కరవుచేత పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టిరి. రాజు పన్నుకై అప్పు చేసిరి. పిల్లలను దాస్యమునకు అప్పగించిరి. మేమును మీ వంటి రక్తమాంసములు కలవారమే గదా అనిరి. నెహెమ్యా విని కోపపడెను, ప్రధానులను గద్దించెను. మేము ఈ అధ్యాయము మీద పలుమారులు ప్రసంగించితిమి. ప్రధానులను గద్దించుట వరకు వచ్చి ఆపితిమి. ఈసారి 10వ వచనము మమ్మును ఆపెను. అక్కడ నెహెమ్యా తనను, తన బంధువులను, తన పనివారిని కూడ ఆ లెక్కలో చేర్చుకొని, తామును అప్పిచ్చినవారమేనని ఒప్పుకొని, అందరము కలిసి దీనిని మానుదమనెను. గద్దించు వ్రేలు ముందుగా తనవైపు తిరిగెను.

కాబట్టి ఆ రాత్రి మా ఇంట ప్రార్థన చేసి, మరునాడు తెల్లవారగనే ఆ సహోదరునితో కూడ బస్సెక్కి గుడిహత్నూరు మీదుగా ఆదిలాబాదునకు పోతిమి. అక్కడి న్యాయసేవాధికార సంస్థలో మా మొరను ఓపికగా వినిరి, వకీలును నియమించిరి. ఆయన ఖాతా పుస్తకము చూచి, కూలి డబ్బు ఇంత అని గీత గీసి, విత్తుటకు అదను దాటుచున్నదని కోర్టుకు మనవి వ్రాసెను. ఆ ఆదివారము మేము సంఘము ఎదుట నిలిచి, "ఈ సంతకము వెనుక మా మాట ఉన్నది" అని చెప్పితిమి. చెప్పుటకు కాళ్లు వణకినవి. ఆరాధన ముగిసినపిమ్మట ఒక విధవరాలు వచ్చి, తాను కూడ మా మాట విని మరియొకరికి జామీను పెట్టినదనియు, ఆ సంగతి ఇంతవరకు చెప్పుటకు సిగ్గుపడినదనియు చెప్పెను. ఎన్ని సంతకములు ఇట్లు పెట్టెలలో నిద్రించుచున్నవో!

హైదరాబాదులోనున్న యౌవనునికి సంఘపెద్దలిద్దరు కబురుచేసిరి. మొదట ఫోను ఎత్తలేదు. మూడవసారి ఎత్తి, ఏడ్చెను. లోక్ అదాలతు దినమున అతడు వచ్చెను. కంపెనీవారు 1,40,000 అడుగుచుండగా, వడ్డీ తగ్గించి 90,000లకు ఒప్పుకొనిరి. ఖాతాలోని 62,000లలో 30,000 అప్పునకు జమ, మిగిలిన 32,000 విడుదల. తక్కిన 60,000 నెలకు 10,000 చొప్పున ఆరు కంతులు. ఆ యౌవనుడు అందులో నాలుగు కంతులు కట్టెను. రెండు కంతులు సంఘములో కొందరము కలిసి కట్టితిమి. జామీనుదారుడు కట్టినది అసలు అప్పు తీసికొన్నవానినుండి రాబట్టుకొను హక్కు చట్టములో కలదు. గనుక పెద్ద సహోదరుని ఖాతానుండి పోయిన 30,000 ఆ యౌవనుడు ఆయనకు బాకీ. అది ఇంకను పూర్తిగా తీరలేదు. కాని వారిద్దరు క్రిస్మసు ఆరాధనలో ఒకే చాపమీద కూర్చుండిరి.

ఈలోగా అదను కొంత దాటిపోయెను. నాలుగెకరములలో రెండెకరములకే పత్తి పడెను. మిగిలినదానిలో ఆలస్యముగా కంది వేసెను. ఈ నష్టమును మేము కమ్మని మాటలతో కప్పము. మేము చదువని ఒక కాగితము ఒక పేదవాని రెండెకరముల పత్తిని తినెను.

అట్లయిన విశ్వాసి ఎవనికిని జామీను నిలువరాదా? సామెతల గ్రంథము (6:1-5, 22:26, 27) గట్టిగా హెచ్చరించుచున్నది. పరునికొరకు పూటపడినవాడు వలలో చిక్కిన లేడివంటివాడు, పక్షివంటివాడు; చెల్లించుటకు లేనియెడల క్రింది పరుపుకూడ పోవును అని అందలి భావము. అయినను అదే బైబిలులో యూదా తన తమ్ముడగు బెన్యామీనుకొరకు తండ్రియెదుట పూటపడెను (ఆదికాండము 43:9). పౌలు ఒనేసిముకొరకు ఫిలేమోనుకు వ్రాయుచు, అతడు బాకీపడినది తన లెక్కలో వేయుమనియు, తానే తీర్చుదుననియు స్వహస్తముతో వ్రాసెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక (7:22) మన ప్రభువునే శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపు అని పిలుచుచున్నది.

మరి భేదమేమి? యూదాకు తాను దేనికి పూటపడుచున్నాడో తెలియును. ఐగుప్తులో తమ్మునికి బదులు తానే దాసుడుగా నుండుటకు ముందుకు వచ్చెను. పౌలు వేరొకనిచేత సంతకము పెట్టించలేదు. కలము తానే పట్టెను. మన ప్రభువు మన ఋణపత్రముమీద చెయ్యి వేసినప్పుడు దాని వెల ఎరుగక వేయలేదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:14 ప్రకారము, మనకు విరోధముగా నిలిచిన ఆ పత్రమును తుడిచివేసి, సిలువకు మేకులతో కొట్టెను. మేకులు కొట్టబడినది ఆ పత్రమునకు మాత్రమేనా? ఆయన చేతులకు గదా!

మేము చేసినది దీనికి తలక్రిందులు. వెల ఎరుగకయే, మరియొకని చేతితో సంతకము పెట్టించి, దానికి ప్రేమయని పేరు పెట్టితిమి. ప్రేమగలవాడు గోపురము కట్టకమునుపు కూర్చుండి లెక్కచూచును (లూకా 14:28). కాబట్టి సంఘపెద్దలతో కలిసి మేము ఒక తీర్మానము చేసికొంటిమి: కాపరియైనను, పెద్దయైనను ఎవరినిగాని జామీను పెట్టుమని అడుగకూడదు. ఎవడైనను తానై జామీను నిలువగోరినయెడల, ఆ మొత్తము తానే కట్టవలసివచ్చినను కట్టగలనని లెక్కచూచుకొని, కాగితము చదివించుకొని, భార్యకు చెప్పి, అప్పుడు సంతకము పెట్టవలెను. కట్టలేనియెడల జామీనుకు బదులు చేతనైనంత డబ్బు ఉచితముగా ఇచ్చుట మేలు. నెలకు ఒక శుక్రవారము, ప్రార్థన కూటము ముగిసినపిమ్మట, ఎవరికైన వచ్చిన కవర్లు, నోటీసులు తెచ్చినయెడల చదివిచెప్పుటకు చదువుకొన్న యౌవనులిద్దరు కూర్చుందురు. మన సంఘపు గడప అదియే యగును గాక. బయట నిలువబడినవాడు ఎవడైనను, లోపల ఒంటరిగా వణకువాడు ఉండకూడదు.

ప్రియులారా, ఈ వారము మీ పెట్టెలు తెరచి చూడుడి. తెరువని కవరు ఉన్నయెడల తెండి. ఇతరులు మీకు బాకీయున్నయెడల, వారి తిరుగలి రాయి మీ ఇంట లేదని నిశ్చయపరచుకొనుడి. మీ మాటవలన ఎవడైనను చిక్కుపడియున్నయెడల, అతడు మీ అరుగునొద్దకు వచ్చువరకు ఉండక, మీరే అతని గడపయొద్దకు పొండి.

ప్రార్థన: మా పూటకాపువైన ప్రభువా, మా ఋణపత్రమును నీ మీద వేసికొన్నందుకు స్తోత్రము. మేము చదువక పెట్టించిన సంతకములకై మమ్మును క్షమింపుము. అప్పుపడినవారికి తీర్చు మనస్సును, అప్పిచ్చినవారికి గడపయొద్ద నిలుచు మనస్సును దయచేయుము. నాగలి పట్టువాని విత్తనమును, కూలివాని సాయంకాలపు రొట్టెను కాపాడుము. మా సంఘములో ఎవడును భయముతో ఒంటరిగా ఉండకుండునట్లు మా తలుపులు తెరువుము. నీ నామమున వేడుచున్నాము. ఆమేన్.